రామదాసు అప్పు ఎవరు తీర్చారు?



ఈ వారం వీడియోలో గోల్కొండ కోటలోని రామదాసు బందీఖానా గురించి చెప్పుకున్నాం కదా. అందులో పట్టని సంగతులు చాలా మిగిలిపోయాయి. వాటిని ఇక్కడ కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

హైదరాబాద్‌లో ఉండేవాళ్ళు గోల్కొండకి ఎన్నోసార్లు వెళ్ళుంటారు. గుమ్మం దగ్గర చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు పైదాకా వినిపిస్తుందని మురిసిపోయి, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తాం. పైకి ఎక్కే దారిలో ఓ చీకటి గది ఉంటుంది. గోడమీద సీతారామలక్ష్మణుల బొమ్మలు, ఆంజనేయస్వామి బొమ్మ. వాటిని రామదాసే చెక్కుకున్నాడని చెబుతారు. ఆ గదిలో ఆయన ఎందుకున్నాడో చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన కథలోనో, నాగయ్య గారి సినిమాలోనో, 2006లో వచ్చిన నాగార్జున సినిమాలోనో చూసి మనందరికీ తెలుసు.

కానీ ఒక ప్రశ్న మనం గట్టిగా అడగం. భక్తుడు కదా, ఎలా అడుగుతాం అని మొహమాటం. అదేంటంటే, ఆయన చేసింది తప్పా, కాదా? ఇవాళ ఏ ఎమ్మార్వో అయినా సర్కారుకి జమ చెయ్యాల్సిన డబ్బుతో గుడి కట్టేస్తే మనం ఏమంటాం? భక్తి అంటామా, అవినీతి అంటామా?

ఈ ప్రశ్నని పక్కన పెట్టేస్తే రామదాసు కథలో సగం మనకి అందదు. అందుకే ఈసారి అక్కడి నుంచే మొదలుపెడదాం.

నేలకొండపల్లి కుర్రాడు

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. ఊరు ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి. తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ. రఘునాథ భట్టరు అనే వైష్ణవ గురువు దగ్గర ఉపదేశం పొందాడని చెబుతారు. పదిహేడో శతాబ్దం. గోల్కొండని కుతుబ్ షాహీలు ఏలుతున్న రోజులు. 1672లో అబుల్ హసన్ గద్దెనెక్కాడు. ఆయన్నే మనవాళ్ళు తానీషా అంటారు. ఆయన కొలువులో మాదన్న, అక్కన్న అనే అన్నదమ్ములు చక్రం తిప్పేవాళ్ళు. మాదన్న ప్రధానమంత్రి స్థాయికి ఎదిగాడు. ఈ ఇద్దరూ గోపన్నకి మేనమామలని మన సంప్రదాయం చెబుతుంది.

ఆ పలుకుబడితోనే గోపన్నకి పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పాల్వంచ అంటే మనకి థర్మల్ కరెంటు గుర్తొస్తుంది. అప్పుడది గోదావరి అడవుల అంచు. పని సులువుగానే కనిపిస్తుంది. ఊళ్ళ నుంచి శిస్తు వసూలు చెయ్యాలి, లెక్క రాయాలి, గోల్కొండ ఖజానాకి పంపాలి. ఆ డబ్బు తహసీల్దారు చేతుల మీదుగా పోతుంది గానీ, తహసీల్దారుది కాదు.

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తాటాకు పందిరి నుంచి గుడి దాకా

పాల్వంచ దాటి, గోదావరి దాటితే భద్రగిరి. ఆ కొండ దగ్గర పోకల దమ్మక్క అనే అడవి బిడ్డ ఉండేది. పుట్టలో ఉన్న స్వామి విగ్రహాలు ఆమెకి దొరికాయని, తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి పూజ చేసుకునేదని చెబుతారు. ఇప్పటికీ భద్రాచలంలో దమ్మక్క పేరు చెప్పకుండా స్వామి కథ చెప్పరు. స్వామిని మొదట కొలిచింది రాజూ కాదు, మంత్రీ కాదు. అడవిలో బతికే ఒక ఆడమనిషి.

గోపన్న అక్కడికి వెళ్ళాడు. ఎండకీ వానకీ పందిరి కింద ఉన్న రాముణ్ణి చూశాడు. ఆయనకి గుడి కట్టాలనిపించింది. ముందు జనం దగ్గర చందాలు పోగు చేశాడు. అవి చాల్లేదు. అప్పుడు చేతిలో ఉన్న శిస్తు సొమ్ము వాడాడు. కథల్లో ఆ లెక్క 6 లక్షల వరహాలు. గుడి లేచింది, ప్రాకారాలు లేచాయి, స్వామికి, అమ్మవారికి, లక్ష్మణుడికి నగలు చేయించాడు.

గోల్కొండ నుంచి అనుమతి వస్తుందని, తర్వాత ఎలాగోలా సర్దుకోవచ్చని అనుకున్నాడని కొందరు చెబుతారు. ఉండొచ్చు. మనం కూడా అంతే కదా! నెలాఖరుకి సర్దేద్దాంలే అనుకుని స్నేహితుడి డబ్బు వాడేస్తాం. ఇంట్లో చెప్పకుండా క్రెడిట్ కార్డు గీకేస్తాం. ఉద్దేశం మంచిదే, మనసులో మోసం లేదు. అయినా లెక్క చూసే రోజు ఒకటి వస్తుంది.

గోపన్నకి కూడా వచ్చింది. రైతుల దగ్గర వసూలైన డబ్బు ఖజానాకి చేరలేదు. తానీషా మనుషులు వచ్చి పట్టుకెళ్ళారు. మేనమామలు కొలువులో ఉండి కూడా ఆపలేకపోయారు. గుడి కట్టాను కదా అంటే చెల్లుకి చెల్లు కాలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. రాముడు కూడా ఆపలేదు. నా గుడి కోసమే కదా చేశాడు అని కోట గోడలు బద్దలుకొట్టి తీసుకుపోలేదు. దేవుడి పేరు మీద చేసినంత మాత్రాన అప్పు అప్పు కాకుండా పోదని ఈ కథ మొదట్లోనే తేల్చేస్తుంది. గుడి హుండీలో వేసే నోటు మన తప్పులకి లంచం కాదు. మనకి బాగా తెలిసిన విషయమే. అయినా మర్చిపోతుంటాం.

పన్నెండేళ్ళు

12 ఏళ్ళు జైల్లో ఉన్నాడని అంటారు. తానీషా రాజ్యం చేసిందే మొత్తం 15 ఏళ్ళు. అంటే ఆయన ఏలుబడిలో చాలా భాగం గోపన్న ఆ చీకటి గదిలోనే గడిపాడన్నమాట.

ఇవాళ మనం పాడుకునే రామదాసు కీర్తనల్లో ఎన్నో ఆ గదిలోనే పుట్టాయని మనవాళ్ళ నమ్మకం. బాలమురళి గారి గొంతులో విన్నవాళ్ళకి అవి ఎంత తియ్యగా ఉంటాయో తెలుసు. మాటలు మాత్రం అన్నీ తియ్యగా ఉండవు. ఒక కీర్తనలో ఆయన రాముడికి బిల్లు చదువుతాడు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికెంత అయిందో వరసగా చెప్పి, ఇదంతా ఎవరబ్బ సొమ్మని పెట్టుకుని కులుకుతున్నావని నిలదీస్తాడు. అన్నంత పనీ అని, చివరికొచ్చేసరికి తగ్గిపోతాడు. దెబ్బలకి తట్టుకోలేక నోరు జారానని, మనసులో పెట్టుకోవద్దని వేడుకుంటాడు.

దీన్ని పైపైన చూసి వదిలెయ్యకండి. తప్పు ఎవరిదో ఆయనకి తెలుసు. డబ్బు వాడింది తనే. అయినా కోపం వచ్చింది, ఆ కోపాన్ని దాచలేదు, దేవుడి ముందే కక్కేశాడు. తర్వాత క్షమించమన్నాడు. పరాయివాళ్ళతో మనం ఇలా ఉండం. ఇంట్లోవాళ్ళతోనే ఉంటాం.

ఇంకో కీర్తనలో ఆయన రాముణ్ణి అడగడం మానేసి సీతమ్మని అడుగుతాడు. స్వామి ఏకాంతంలో ఉన్నప్పుడు, మంచి మనసుతో ఉన్నప్పుడు, నా సంగతి కాస్త చెప్పమ్మా అని. నాన్నకి కోపం వస్తే అమ్మ ద్వారా మాట కలపడం మనందరికీ అలవాటే. శ్రీవైష్ణవంలో దీనికి పురుషకారం అని పేరు. జీవుడు తప్పులమూటతో వస్తాడు, స్వామి న్యాయం చెప్పే కుర్చీలో ఉంటాడు, మధ్యలో అమ్మ నిలబడి దయ వైపు తిప్పుతుంది. భద్రాచలంలో సీతమ్మ స్వామి ఎడమ తొడ మీద కూర్చుని ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు దర్శనం క్యూలో ఇది గుర్తుచేసుకోండి. సిఫారసు చెయ్యడానికి అంతకన్నా దగ్గర చోటు ఇంకెక్కడుంది?

చిలక కథ

ఇన్నేళ్ళు ఎందుకు అనుభవించాలి అని మనలాగే వెనకటివాళ్ళకీ అనిపించింది. దానికి ఓ కథ చెబుతారు. వెనకటి జన్మలో గోపన్న ఒక చిలకని 12 రోజులు పంజరంలో పెట్టాడట. రోజుకి ఏడాది లెక్కన 12 ఏళ్ళు ఖైదు.

కర్మ లెక్క ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చెప్పే కథ ఇది. రాముడంతటివాడు తోడున్నా ఆ లెక్కలో ఒక్క రోజు కూడా కొట్టెయ్యలేదు. కానీ ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. శిక్ష నడుస్తుందంటే దేవుడు మనల్ని వదిలేశాడని అర్థం కాదు. ఆ 12 ఏళ్ళూ గోపన్న రాముడితో మాట్లాడుతూనే ఉన్నాడు. తిట్టాడు, ఏడ్చాడు, అలిగాడు, బతిమాలాడు. అవతల ఎవరూ లేరనుకుంటే ఇన్ని మాటలు ఎవరితో?

ఆ రాత్రి

తర్వాత జరిగింది మీ అందరికీ తెలిసిందే. ఒక రాత్రి ఇద్దరు యువకులు తానీషా పడకగదికి వచ్చారు. రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు చెప్పారు. గోపన్న బాకీ అంతా రామమాడలుగా కుప్ప పోశారు. రసీదు తీసుకున్నారు. వెళ్ళిపోయారు. తెల్లారేసరికి గోపన్న పక్కన ఆ రసీదు ఉంది. ఆ మాడల్లోవే అని కొన్ని నాణేలు భద్రాచలంలో ఇప్పటికీ చూపిస్తారు.

చరిత్ర పుస్తకం వేరు, భక్తుల కథ వేరు. ఈ రాత్రి గురించి మనకి చెప్పేది భక్తుల కథ. ఆ కథ చెప్పిన తీరు మాత్రం చూడండి. రాముడు తలుచుకుంటే తానీషా కలలో కనిపించి బెదిరించొచ్చు. లెక్కల పుస్తకం మాయం చెయ్యొచ్చు. సంకెళ్ళు తెంపొచ్చు. ఇవేవీ చెయ్యలేదు. డబ్బు తెచ్చి కట్టాడు. పైసాతో సహా కట్టాడు. రసీదు కూడా తీసుకున్నాడు!

అంటే బాకీ ఉత్తినే మాఫీ కాలేదు. దాన్ని ఎవరో ఒకరు మొయ్యాల్సిందే. ఆ మోసేది గోపన్న కాదు, రాముడు. క్షమించడం అంటే ఏమీ జరగనట్టు ఉండడం కాదు. జరిగిన నష్టాన్ని ఒకరు తమ మీద వేసుకోవడం. మీ తమ్ముడు మీ ల్యాప్‌టాప్ పగలగొడితే, పర్లేదురా అని మీరన్నారనుకోండి. ల్యాప్‌టాప్ బాగైపోదు. కొత్తది మీ జేబులోంచి కొనుక్కుంటారు. ఆ పర్లేదు అనే మాట ఖరీదు మీరు కట్టినట్టే.

పక్క ఊళ్ళో ఇంకో నమ్మకం

ఇక్కడ ఒక పక్క దారి పట్టి వద్దాం. దూరం కాదు, భద్రాచలం నుంచి పర్ణశాల వైపే.

పర్ణశాల ఉన్న మండలం దుమ్ముగూడెం. 1860లో భద్రాచలం ప్రాంతం నిజాం చేతి నుంచి బ్రిటిష్‌వాళ్ళకి వెళ్ళింది. గోదావరి మీద ఎగువకి పడవలు నడపాలని ఆనకట్ట పని మొదలుపెట్టారు. ఆ పనికి వచ్చిన హేగ్ అనే ఇంజనీరు చొరవతో దుమ్ముగూడెంలో కోయల మధ్య క్రైస్తవ మిషన్ మొదలైంది. అలా ఈ అడవి అంచులో, రాముడి గుడికి ఒక పూట ప్రయాణంలో, ఒకరి అప్పు ఇంకొకరు తీర్చిన మరో కథ వినిపించడం మొదలైంది.

మన స్నేహితుల్లో, ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో క్రైస్తవులు ఉంటారు. వాళ్ళు పాపం, క్షమాపణ అన్నప్పుడు ఏం అనుకుంటారో మనలో చాలామందికి సరిగ్గా తెలియదు. టూకీగా ఇదీ సంగతి. పాపమంటే వాళ్ళకి ఒకటో రెండో చెడ్డ పనులు మాత్రమే కాదు, మనిషి దేవుడికి దూరమైపోయిన స్థితి. ఆ దూరాన్ని మనిషి తన పుణ్యంతో, దానాలతో పూడ్చలేడు. కాబట్టి దేవుడే యేసుగా వచ్చి, శిలువ మీద ఆ భారం తన మీద వేసుకున్నాడని, పశ్చాత్తాపపడి ఆయన్ని నమ్మినవాళ్ళని దేవుడు క్షమిస్తాడని వాళ్ళ విశ్వాసం.

తెలుగు బైబిల్లో యేసు నేర్పిన ప్రార్థన ఒకటుంది. చర్చిలో చిన్నపిల్లలకి కూడా అది నోటికి వచ్చు. మత్తయి రాసిన దానిలో క్షమించమని అడిగేచోట ఉన్న మాట పాపం కాదు, ఋణం. యేసు మాట్లాడిన అరమాయిక్ భాషలో అప్పుకీ పాపానికీ ఒకే మాట వాడేవాళ్ళు. ఆయన చెప్పిన ఒక కథ కూడా అచ్చం కచేరీ లెక్కలాగే ఉంటుంది. ఒక సేవకుడు రాజుకి జన్మలో తీర్చలేనంత బాకీ పడ్డాడు. రాజు జాలిపడి మాఫీ చేశాడు. వాడు బయటికొచ్చి, తనకి కొద్దిపాటి బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. అది విని రాజు వాణ్ణి లోపల వేయించాడు. క్షమ పొందినవాడు క్షమించకపోతే ఆ క్షమ వాడి లోపలికి దిగనట్టే.

రెండూ ఒకటే అని తేల్చెయ్యడానికి ఇది చెప్పట్లేదు. తేడాలు పెద్దవే. గోపన్న బాకీ పడింది రాజుకి, తీర్చింది దేవుడు. క్రైస్తవుల నమ్మకంలో మనిషి బాకీ పడింది దేవుడికే, తీర్చిందీ దేవుడే. మనకి జన్మలు, కర్మ ఉన్నాయి, వాళ్ళకి ఒకే జన్మ. పక్కింటివాళ్ళ నమ్మకాన్ని సరిగ్గా అర్థం చేసుకోవడం కూడా మర్యాదే కదా. దాంతోపాటు మన కథ కూడా మనకి కొత్తగా కనిపిస్తుంది.

ఎలాగంటే, తెలుగు క్రైస్తవులు దేవుడితో సమాధానపడడం అంటారు. మామూలుగా సమాధానం అంటే మనకి జవాబు. వాళ్ళ వాడుకలో తెగిపోయిన బంధం మళ్ళీ కలవడం, మనసు కుదుటపడడం. బాకీ తీరడం ఒక మెట్టు, సమాధానపడడం దాని పై మెట్టు. ఇప్పుడు మళ్ళీ మన గోపన్న దగ్గరికి వెళ్దాం.

విడుదల తర్వాత

బాకీ తీరింది. తలుపులు తెరుచుకున్నాయి. తానీషా స్వయంగా వచ్చి క్షమించమని అడిగాడంటారు. మనమైతే సంబరం చేసుకుంటాం. గోపన్న ఏడ్చాడని చెబుతారు!

ఎందుకో తెలుసా? 12 ఏళ్ళు పిలిచింది తను. రాముడు కనిపించింది తానీషాకి. డబ్బు తీరిపోయినా ఆయనకి కావాల్సింది దొరకలేదు. ఖైదీ కోరుకునేది విడుదల. గోపన్న కోరుకున్నది రాముణ్ణి. ఎవరబ్బ సొమ్మని నిలదీసినవాడు, బిల్లు చెల్లగానే ఆ బిల్లు మర్చిపోయాడు. ఇన్నేళ్ళూ రాముడి నుంచి ఒక జవాబు అడిగాడు. చివరికి జవాబు కన్నా మనిషే ముఖ్యం అని తెలిసింది.

తర్వాత ఆయన భద్రాచలం తిరిగొచ్చి స్వామి సేవలోనే ఉండిపోయాడు. గోపన్న అనే పేరు వెనకబడి, రామదాసు అన్న పేరే నిలిచింది. తర్వాతి కాలంలో త్యాగరాజస్వామి అంతటివాడు ఆయన్ని తలుచుకుని నమస్కరించాడు.

తానీషా సంగతి కూడా చెప్పాలి. 1686లో మాదన్న, అక్కన్నలని చంపేశారు. మరుసటి ఏడాది ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాడు. తానీషాని దౌలతాబాద్ కోటలో బంధించాడు. సుమారు పుష్కరం పాటు ఆ కోటలోనే ఉండి, ఆయన అక్కడే కన్నుమూశాడు. లెక్క సరిపోయింది అని చేతులు దులుపుకోకండి. మన కథలో ఆయన దుర్మార్గుడు కాదు, రాముడి దర్శనం దొరికిన అదృష్టవంతుడు. శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఆయనతోనే మొదలైందని చెబుతారు. ఇప్పటికీ మన ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాలు వెళ్తున్నాయి. ఖైదు చేసినవాడు పంపిన ముత్యాలు, ఖైదైనవాడు కట్టిన గుడిలో, స్వామి తలమీద పడతాయి. ఇంతకన్నా పెద్ద సమాధానం ఏముంటుంది?

మరి మన సంగతి?

మొదటి ప్రశ్నకి వద్దాం. రామదాసు చేసింది తప్పేనా? అవును, లెక్క ప్రకారం తప్పే. ఆ మాట ఒప్పుకోవడానికి మనం భయపడక్కర్లేదు. తప్పు లేని మనిషిని కాపాడటానికి రాముడు మాడలు మొయ్యక్కర్లేదు కదా!

మనలో చాలామంది ఏదో ఒక తప్పు మోస్తూ తిరుగుతుంటాం. నాన్నకి అబద్ధం చెప్పి వాడేసిన ఫీజు డబ్బు. తిరిగివ్వని చేబదులు. ఒక స్నేహితురాలిని నలుగురిలో అన్న మాట. దాన్ని మర్చిపోవడానికి గుడికి వెళ్ళి వంద కొబ్బరికాయలు కొడతాం. గోపన్న ఏకంగా గుడే కట్టాడు. అయినా బాకీ బాకీగానే ఉంది. కాబట్టి ముందు తీర్చగలిగింది తీర్చేద్దాం. ఫోన్ చేసి, తప్పు నాదే అని చెబుదాం. తీర్చలేనిది స్వామి ముందు దాచకుండా పెడదాం. కోపం వస్తే కోపం కూడా పెడదాం. సీతమ్మని సిఫారసు అడుగుదాం. మనకి బాకీ ఉన్నవాళ్ళ గొంతు కాస్త వదిలేద్దాం.

ఈసారి భద్రాచలం వెళ్తే, ఖమ్మం మీదుగా వెళ్ళేవాళ్ళు దారి మళ్ళి ఓసారి నేలకొండపల్లి చూసి వెళ్ళండి. పాల్వంచ దాటుతున్నప్పుడు ఆ తహసీల్దారుని తలుచుకోండి. గోదావరి వంతెన మీదకి రాగానే, ఇన్నాళ్ళూ మాట్లాడకుండా ఉన్న ఒక్కరి పేరు మనసులో అనుకోండి. దర్శనం అయ్యాక, బయటికొచ్చి వాళ్ళకి ఫోన్ చెయ్యండి.

వచ్చే వారం దమ్మక్క కథతో కలుద్దాం.

జై శ్రీరామ్!